పొయ్యి దగ్గర్నుంచి పీఠం దాకా

గని కూత వినపడేసరికి మార్చ్యాన్న పొయ్యి మీద నీళ్ళు మరుగుతూ ఉండాలి. ఆమె ఇంట్లో ఆరుగురు మగవాళ్ళు తిండికి, పడకకి డబ్బిచ్చి ఉండేవాళ్ళు. అందరూ పోలండ్ పల్లెల నుంచి వచ్చి పెన్సిల్వేనియా బొగ్గుగనుల్లో దిగినవాళ్ళే. ఎవరి మాంసం వాళ్ళు తెచ్చుకునేవాళ్ళు. ఉడకడం మాత్రం ఒకే కుండలో. అందుకని ఆమె ఒక్కో ముక్కకి ఒక్కో రంగు దారం కట్టేది. భర్త బ్లాజే ముక్కకి ఒక్కదానికే దారం ఉండేది కాదు. ఈస్టరు ముందు తపస్సు కాలంలో గని పైకప్పు కూలి బ్లాజే పోయాడు. అప్పటి నుంచి కుండలో దారం లేని ముక్క లేదు. ఆమె ఏడవలేదు. ఎవరేం చెప్పినా "సరే" అనేది, చెప్పింది చేసేది, నిలబడే నాలుగు ముద్దలు తినేది.

కింద వీధిలో ఐరిషు వాళ్ళ గుడి ఉంది. అక్కడి ఫాదరుకి వీళ్ళ భాష ఒక్క ముక్క రాదు. ఏ పాపం చెప్పుకున్నా ఆయన మరియమ్మకి చెప్పే మంగళవార్త జపాలు మూడే శిక్షగా వేసేవాడు. పక్కింటి ముసలి పెత్రొనేలా, అంత చవగ్గా పోతుంటే ఇంకా పెద్ద పాపాలు చేయాల్సింది అనేది. నవ్వులాటకి అన్నా అందరికీ బాధగానే ఉండేది. చచ్చేటప్పుడైనా మన మాట అర్థమయ్యే ఫాదరు పక్కనుండాలి కదా. అందుకని బ్లాజే బతికున్నప్పుడే ఫాదర్ క్లెమెన్స్‌ని పిలిపించాడు. ఆయన పోలండాయనే. నెలకో ఆదివారం రైల్లో వచ్చి మార్చ్యాన్న వంటింట్లో, తినే బల్లనే పీఠం చేసుకుని పూజ చేసేవాడు.

ఆ వంటిల్లు మొదట్లో ఎనిమిది అంగలు. కొత్త కుటుంబం వచ్చి మోకరించినప్పుడల్లా ఒక అంగ పెరిగేది, మళ్ళీ తగ్గేది కాదు. బయట నుంచి చూస్తే ఇల్లు ఎప్పట్లాగే పక్కింటి గోడకి ఆనుకునే ఉండేది. వేసవికల్లా నలభై ఒక్క అంగలైంది. పొయ్యి ఈ చివర, బల్ల ఆ చివర. సూపు చల్లారిపోతోందని మగవాళ్ళు గొణిగేవాళ్ళు. ఆమె మూత పెట్టి మోసుకెళ్ళేది.

నలభై కుటుంబాలు దాటాక, మాకూ సొంత గుడి, సొంత ఫాదరు ఉండే విచారణ కావాలని ఫాదర్లందరి మీదా పెద్ద అయిన పీఠాధిపతికి అర్జీ పెట్టారు. భూమి ఏదీ అని ఆయన అడిగాడు. ఊరంతా గని కంపెనీదే, కంపెనీ గజం కూడా అమ్మదు. అవతల గుట్ట మీద జర్మను రైతొకడు, తన బీడు ఊరికే ఇస్తానన్నాడు. కానీ చుట్టూ కంపెనీ కంచె, తుపాకీతో కాపలావాడు. జనం నడిచి వెళ్ళలేని చోట విచారణ ఎలా ఇస్తానని పీఠాధిపతి జవాబు రాశాడు.

ఇంతలో కంపెనీ కాగితం వచ్చింది. గనిలో దిగేవాళ్ళకే ఇళ్ళు. ఇంటిది విధవ కాబట్టి సెప్టెంబరు ఆఖరుకి ఖాళీ చేయాలి. లేదా గనిలో పనిచేసేవాణ్ణి ఎవరినైనా చేసుకోవాలి. ఇల్లు పోతే ఆమె బతుకూ వీధిలో పడుతుంది, పూజా వీధిలో పడుతుంది. పెద్దలు కూర్చుని ఆరుగురిలో ఇగ్నాత్సిని అనుకున్నారు. చెప్పడానికి పెత్రొనేలా వచ్చింది.

"మంచివాడే అమ్మాయ్. తాగితే నిద్రపోతాడు గానీ చెయ్యెత్తడు."

"సరే పిన్నీ."

"సరే అంటే ఇష్టమనా?"

"ఇల్లు ఉంటుంది కదా."

"ఇల్లు సంగతి నేనడగలేదు," అంది ముసలామె. మార్చ్యాన్న కుండ తోముతూ ఉండిపోయింది. ఇక మీదట అతని ముక్కకి దారం కట్టకు, ఇంటాయన అవుతాడు కదా అని చెప్పి పెత్రొనేలా వెళ్ళిపోయింది. మర్నాడు మార్చ్యాన్న అతని ముక్కకున్న ఎర్రదారం విప్పబోయింది. వేళ్ళు ముడి మీదే ఆగిపోయాయి. దారంతోనే కుండలో వేసింది. ఇగ్నాత్సి ఆ ముక్క చూసుకుని తలొంచుకుని తిన్నాడు. అప్పటిదాకా వదినా అని పిలిచేవాడు, ఇప్పుడేమని పిలవాలో తెలియక పిలవడమే మానేశాడు.

పెళ్ళి రోజు పొద్దున్న ఫాదరు, ఇగ్నాత్సి బల్ల దగ్గర నిలబడ్డారు. మార్చ్యాన్న క్యాబేజీ కూర దించి, చేతులు తుడుచుకుని, పొయ్యి దగ్గర్నుంచి బయల్దేరింది. నలభై ఒక్క అంగలూ అయ్యాయి. బల్ల మొదట ఎంత దూరముందో అంతే దూరంలో ఉంది. ఆమె నడిచింది. గోడల వెంట మోకరించినవాళ్ళు వెనకబడిపోయారు. ఫిడేలు వాయించేవాడు చేతులు నొప్పెట్టి ఆపేశాడు. పెత్రొనేలా కొంతదూరం పక్కన నడిచి, ఒక రొట్టెముక్క చేతిలో పెట్టి, మోకాళ్ళు పట్టుకుని కూర్చుండిపోయింది. పీఠం మీద కొవ్వొత్తి ఆవగింజంత కనపడుతోంది.

"వస్తున్నావా?" అని ఇగ్నాత్సి దూరం నుంచి కేకేశాడు.

"వస్తున్నా," అందామె. వస్తూనే ఉంది. ఆగలేదు, తొందరపడలేదు.

కిటికీల్లో మొదట పక్కింటి గోడ కనపడింది. తర్వాత బొగ్గు మసి గుట్టలు. తర్వాత కంచె. కాపలావాడు తిరిగి చూసి, టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత గడ్డి, గుట్ట ఎక్కే వాలు.

మధ్యాహ్నం దాటాక ఇగ్నాత్సి కోటు భుజాన వేసుకుని ఎదురొచ్చాడు.

"పంపు డ్యూటీ. నేను వెళ్ళకపోతే గనిలో నీళ్ళు నిండుతాయి."

"వెళ్ళు మరి."

"నాకు అక్కణ్ణుంచి ఇక్కడికి పావుగంట పట్టింది. నువ్వు పొద్దున్న బయల్దేరావు." అతని గొంతులో కోపం లేదు. కోటు రెండో భుజానికి మార్చుకున్నాడు. "ఇల్లు నా పేర రాయించుకుంటాను. పూజకొచ్చేవాళ్ళకి తలుపు గడియ పెట్టను. నువ్విటు తిరిగి రాకు. అటే వెళ్ళు వదినా."

అతను పొయ్యి వైపు వెళ్ళిపోయాడు. ఆమె పది అంగలు వేసింది, బల్ల చేతికి తగిలింది.

ఫాదరు కుర్చీలో కునుకు తీస్తున్నాడు. లేచి, అబ్బాయి ఏడని అడిగాడు. చెప్పింది.

"పోనీలే, వచ్చే నెల చేద్దామా?"

మార్చ్యాన్న నోరు అలవాటు కొద్దీ సరే అనడానికి తెరుచుకుంది.

"వద్దు ఫాదర్," అంది.

ఫాదరు కిటికీలోంచి చూశాడు. బయట జర్మను రైతు ఆవులు మేస్తున్నాయి. కాసేపు వాటినే చూసి, కూర్చుని, జనం నడిచి రావడానికి ఇప్పుడు ఈ ఇంట్లోంచి దారి ఉందని పీఠాధిపతికి ఉత్తరం మొదలుపెట్టాడు.

క్రిస్మస్ ముందే విచారణకి అనుమతి వచ్చింది. దానికి ముందే సెప్టెంబరు ఆఖరున కంపెనీ మనిషి వచ్చి, పొయ్యి దగ్గర విధవ ఎవరూ లేరని రాసుకుని, ఇల్లు ఇగ్నాత్సి పేర మార్చాడు. గుట్ట మీద పీఠం చుట్టూ చెక్కలతో గుడి లేచింది. దాని పక్క గదిలో మార్చ్యాన్న ఉంటూ గుడి చూసుకునేది. అదంతా తర్వాత సంగతి.

ఆ సాయంత్రం ఆమె బయటికొచ్చి గడ్డిలో కూర్చుంది. బూట్లు విప్పింది. మడమలు రెండూ ఒరుసుకుపోయి నెత్తురు కారుతున్నాయి. వేలితో తాకితే భగ్గుమంది. ఏడుపొచ్చింది. కాళ్ళ కోసమే అనుకుంది మొదట. చీకటి పడేదాకా ఏడుస్తూనే ఉంది.