ఆ బస్సుకు రైట్ చెప్పింది ఎవరు?

మా తమ్ముడు సంగయ్య మొయినాబాద్ నుంచి నాకు ఒడిబియ్యం పోయడానికి ముడిమ్యాల వచ్చాడు. పుట్టింటివాళ్లు అయిదేళ్లకోసారి ఆడబిడ్డ ఒడిలో పసుపు కలిపిన బియ్యం పోయాలి కదా, ఈసారి ఏళ్లు దాటిపోయి నా కళ్లు కాయలు కాశాయి. కొత్త చీర కట్టుకుని, కొంగు పట్టుకుని పీట మీద కూర్చున్నాను. వాడు దోసిలి నిండా బియ్యం తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే మా ఆయన కుర్మయ్య నోరు తెరిచాడు.

“మొయినాబాద్ అంటే యాదికొచ్చింది బామ్మర్దీ! ఓపాలి మనం బస్సుల వస్తుంటే కండక్టర్ చాయ్ తాగనీకి దిగిండు. నేను ఎనక నుంచి ‘రైట్ రైట్’ అన్న. బస్సు చేవెళ్ల దాంక ఆయన లేకుంటనే పోయింది!”

సంగయ్య దోసిలి గాల్లోనే ఆగిపోయింది.

“బావా, గట్ల అన్నది నేను. నువ్వు పక్కసీట్ల నోరు తెరిచి పండుకున్నవ్. లేచినంక నేనే జెప్పిన.”

“నీ గొంతు డ్రైవర్ దాంక పోయేదేనా? పిల్లి లెక్క ఒర్రెటోనివి!”

సంగయ్య బియ్యం మళ్లీ పళ్లెంలో పోసేశాడు. “అంటే నేను అబద్ధాలకోరునా? పోతున్న అక్కా.”

తమ్ముడు వచ్చి కూడా ఉత్త కొంగుతో పీట మీంచి లేవాలా!

దొంతన్‌పల్లి యూనివర్సిటీలో సైకాలజీ చదివే మా మనవరాలు వనిత గుమ్మానికి అడ్డం నిలబడింది. “ఆగు తాతా! ఎవ్వరు అబద్ధమాడ్తలేరు. మన యాది ఫోన్ల వీడియో లెక్క ఉండదు. చెప్పినప్పుడల్లా మెదడు మళ్ల కొత్తగ అల్లుతది. ఒకరి ముచ్చట పదిసార్లు చెప్తే, మనకే అయినట్టు కండ్ల ముంగట కనవడ్తది.”

“అంటే నాది ఉత్తదంటవా?” ఇద్దరూ ఒక్కసారే దాని మీద పడ్డారు. సంగయ్య చెప్పులు కూడా వేసుకున్నాడు.

ఇక నేనే అరిచాను. “ఆగుర్రి! మీరిద్దరు కాదు. రైట్ అన్నది నేను!”

వాళ్లు నా మొహం చూశారు. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“నువ్వు ఆ దినం బస్సులనే లేవు గదనే!” అన్నాడు మా ఆయన.

“ఏడుంది బావా! అక్క ఇంటికాడ మిర్పకాయలు ఎండవోస్తుండె.”

“గదే నేననేది!”

ఇద్దరూ నన్ను చూసి పడీపడీ నవ్వారు. ఆ నవ్వులోనే సంగయ్య చెప్పులు విడిచి, వచ్చి నా కొంగులో బియ్యం పోయసాగాడు.

వనిత నా చెవిలో గుసగుసలాడింది. “వాళ్లను కలుపనీకే గట్ల అన్నవ్ గద అవ్వా?”

కిటికీ పక్క సీటు, వెనక దుమ్ములో పరుగెత్తే కండక్టరు, ఆయన కాలి నుంచి ఊడిన చెప్పు, అన్నీ నా కళ్ల ముందే ఉన్నాయి. కానీ పళ్లెంలో ఇంకా రెండు దోసిళ్ల బియ్యం మిగిలి ఉన్నాయి. నోరు మూసుకుని కొంగు గట్టిగా పట్టుకున్నాను.