గట్టు శుభ్రం చేయించిన పెదనాన్న

విజయవాడ నుంచి ఆఫీసరు గారు ఊరి పక్క కొండగట్టు చూడటానికి వస్తున్నారని తెలిశాక తిరుపతిరావు ఊరుకోలేకపోయాడు. పెళ్ళివారొస్తున్నారంటే వాకిలి ఊడ్పించినట్టు, మనుషుల్ని పెట్టి ముందురోజే తూర్పు వాలంతా కొట్టించేశాడు. సీతాఫలం పొదలు, తంగేడు, చీపురుగడ్డి, ఏదీ మిగల్లేదు. కొట్టిన కంపంతా పక్క గుంటలో పడేయించాడు.

“ఈ ఏటి కాపు పోతే పోయిందిలే. మొదళ్ళున్నాయి, మళ్ళీ చిగురేస్తాయి,” అంది ఆయన తల్లి వెంకటరత్నమ్మ. ఆ సీతాఫలాలు బుట్టకెత్తుకుని గుణదల వెళ్ళి అమ్మేది ఆవిడే. మనవరాలు ప్రత్యూష స్కూలు బ్యాగు దగ్గర్నుంచి చెప్పుల దాకా ఆ కాయల మీద వచ్చినవే.

గట్టులో గ్రావెల్ తవ్వుకుంటామని ఒక కంపెనీ అడిగింది. అనుమతి ఇచ్చేముందు చుట్టుపక్కల ఏ పంటలున్నాయో, ఏ చెట్లున్నాయో చూసి రాయాలట. అందుకు వచ్చినావిడ శాలిని మేడమ్. తాడుతో నేల మీద నలుచదరంగా హద్దు వేసి, అందులో ఉన్న మొక్కలు లెక్కపెడుతోంది. తూర్పు వాలు మీద లెక్కపెట్టడానికి ఆవిడకేమీ దొరకలేదు.

“ఇక్కడేమీ మొలవదాండీ?”

“మొలవనిస్తామా అండీ! ఎప్పుడూ ఇలా అద్దంలా ఉంచుతాం,” అన్నాడు తిరుపతిరావు మీసం దువ్వుకుంటూ.

“ఖాళీ నేల,” అని పైకి చదువుకుంటూ రాసుకుంది మేడమ్.

పెదనాన్న తిరుపతిరావు వెనక నిలబడి ప్రత్యూష అంతా వింటోంది. క్లాసులో హాజరు పలకడానికే గొంతు పెగలని పిల్ల. పైగా పెదనాన్న మాటకి ఎదురు చెప్పడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. కానీ ఊరుకుంటే, నాయనమ్మ గట్టు మీద ఏమీ లేదనే కాగితం పైకెళ్తుంది, గట్టు తవ్వేస్తారు.

“కాదండీ,” అంది. తన గొంతు తనకే కొత్తగా వినపడింది. “నిన్ననే కొట్టించారండీ. మీరొస్తున్నారని.”

మేడమ్ వంగి చూసింది. కోసిన మొదళ్ళు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

“నేను చూడ్డానికొచ్చిందే ఆ తుప్పల్నండీ బాబూ!” అని పకపకా నవ్వింది.

తిరుపతిరావు నాలుక కరుచుకున్నాడు. “ఇంటికొచ్చే మనుషుల్ని కంపలో ఎలా నడిపిస్తామండీ!”

మేడమ్ రాసింది కొట్టేసి, మొదళ్ళన్నీ లెక్కపెట్టింది. గుంటలోని కంప పైకి తీయించి, ప్రత్యూషని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో కొమ్మా పోల్చుకుంది.

“తవ్వనివ్వాలా వద్దా అన్నది నా చేతిలో లేదమ్మా. ఉన్నది ఉన్నట్టు రాయడం మాత్రం ఉంది. చెప్పి మంచి పని చేశావు,” అంది.

ప్రత్యూషకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. సిగ్గేసి, దానికి బదులు మేడమ్ గారి తాడు తనే చుట్టిపెట్టింది.

ఇక తిట్లు తప్పవని తలొంచుకుంటే, పెదనాన్న చెయ్యి మెత్తగా తల మీద పడింది. “బతికించావే తల్లీ. మా అమ్మకి ఏం మొహం చూపించేవాణ్ణి?”

ఆ చేతి బరువుకి ప్రత్యూష కళ్ళు చెమర్చాయి. అప్పటికే ఆయన పంచె ఎగ్గట్టాడు.

“మేడమ్ గారూ, ఇటు రండి! పడమటి వైపు కొట్టించలేదు. కాలు పెట్టే సందు లేదండీ, ఒట్టు!” అంటూ హుషారుగా ముళ్ళలోకి దూరిపోయాడు.