దొరసాని మీద ఊదా లైటు

పెనుబల్లి దాటి అడవి మొదలయ్యేచోట కోళ్ళఫారం పెట్టుకున్న ఉదయ్ భాస్కర్‌కి పక్షవాతం వచ్చి ఏడు నెలలైంది. మాట పోయింది. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. ఎడమవైపు ఉండీ లేనట్టే. మిగిలినవి కళ్ళు. ఆ కళ్ళు భార్య నాగలత ముఖం మీద నిలిచేవి కావు, కూతురు దీపిక ఫోన్లో కనబడినా నిలిచేవి కావు. నిలిచేది ఒక్క తేలు మీద.

నవ్వకండి. మండ్రగబ్బ అంటారు చూడండి, అరచెయ్యంత నల్ల తేలు, అదే. నిరుడు కొత్త షెడ్డుకి పునాది తవ్వుతుంటే బయటపడింది. కూలీల్ని చంపనివ్వకుండా చేపల తొట్టిలో మట్టి పోసి పెంచాడు. దొరసాని అని పేరు కూడా పెట్టాడు. చుట్టాలు ఇంటికి రావడం మానేశారు. సత్తుపల్లిలో ఫోన్ల షాపు నడిపే అజారుద్దీన్, ఫోనుకి అద్దం అతికించాక జిగురు ఆరడానికి వేసే ఊదా లైటు ఒకటి తెచ్చిచ్చాడు. కిటికీలు మూసి ఆ లైటు వేస్తే నల్ల తేలు కాస్తా ఆకుపచ్చగా మెరిసేది. భాస్కర్ రోజూ ఒక్క నిమిషం చూసి ఆర్పేసేవాడు. ఎందుకంత పిసినారితనమని నాగలత ఏనాడూ అడగలేదు. ఆవిడకి ఆ తేలంటేనే అసహ్యం.

ఇప్పుడు దానికే సేవలు చేస్తోంది. మధ్యాహ్నం ఆయన అలవాటు ప్రకారం నిమిషంసేపు లైటు వేస్తే, ఆయన కళ్ళు మెల్లగా కదిలి అటు వచ్చేవి. ఆ నిమిషం కోసమే నాగలత గట్ల వెంట తిరిగి మిడతలు పట్టి తెస్తోంది. ఆ ఒక్క దారీ మూసుకుపోతే మనిషి తనకిక దక్కడని ఆవిడకి తెలుసు.

ఒక సోమవారం దొరసాని పిల్లల్ని పెట్టింది. తెల్లటి పిల్లలు, ఇరవై దాకా, తల్లి వీపు నిండా. లైటు వేస్తే తల్లి మెరిసింది గాని పిల్లల్లో ఒక్కటీ మెరవలేదు. పిల్లలు నీరసంగా పుట్టాయనుకుంది నాగలత. పద్నాలుగేళ్ళుగా కోడిపిల్లల్ని బ్రూడర్ బల్బు కింద బతికించిన మనిషి. నీరసపు పిల్లకి వెలుతురూ వెచ్చదనమూ పెట్టాలి, ఆవిడకి తెలిసిన వైద్యం అంతే. లైటు ఆర్పలేదు.

దొరసాని దూరంగా మూలకి నక్కింది. కోడిపిల్లలు బల్బు వదిలి పక్కకి పోతే వేడెక్కువైందని షెడ్డు గుమ్మంలోంచే చెప్పగల నాగలత, ఇక్కడ మాత్రం, బాలింత కదా, మూల పట్టుకుంది అనుకుంది. ఏం చెప్పను ఆ తెలివికి!

మంచం మీద భాస్కర్ మూలిగాడు. కళ్ళు లైటు మీదికి పోయి, నాగలత ముఖం మీదికి వచ్చాయి. మళ్ళీ లైటు. మళ్ళీ ఆవిడ. ఏడు నెలల తర్వాత! నాగలతకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"దీపూ, మీ నాన్న నన్ను చూస్తున్నారే! గొంతు కూడా లేస్తోంది" అని ఫోన్ చేసింది.

మర్నాడు ఆయన ఇంకా గట్టిగా మూలిగాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. సంతోషమనుకుని కొంగుతో తుడిచింది. లైటు తొట్టికి ఇంకాస్త దగ్గరికి జరిపింది.

బుధవారానికి వీపు మీద పిల్లలు సగం లేవు. తల్లే తినేస్తోంది. గురువారం అజారుద్దీన్ చూడ్డానికి వచ్చేసరికి ఒక్కటీ మిగల్లేదు.

"ఏంది వదినా, గీ లైటు ఎప్పటిసంది వెలుగుతుంది?"

"సోమవారం నుంచి. పిల్లలు మెరవట్లేదు, బలం వస్తుందని..."

"అయ్యో! పుట్టిన పిల్లలు మెరవయ్ వదినా. ఒకసారి తోలు విడిచినంకనే మెరుస్తయ్. గీ లైటు వాటికి పడదు. నిమిషం కంటే ఎక్కువ పెడితే తట్టుకోవని అన్ననే నాకు చెప్పిండు. మీకు చెప్పలేదా?"

నాగలత మంచం వైపు తిరిగింది. చెప్పాడు. నాలుగు రోజులుగా చెబుతూనే ఉన్నాడు. ఉన్న కాస్త ప్రాణమూ గొంతులోకి తెచ్చుకుని బతిమాలాడు. ఆవిడ అది కూతురికి ఫోన్ చేసి చెప్పి సంబరపడింది.

అజారుద్దీన్ పుల్లతో దొరసానిని కదిపాడు. అది కదల్లేదు.

"పోయింది వదినా."

"మెరుస్తోంది కదా అజార్!"

"అవ్. పోయినంక గూడ మెరుస్తయ్."

అతను వెళ్ళాక నాగలత మంచం పక్కన కూలబడింది. "నాకర్థం కాలేదండీ" అంది. ఆయన గోడవైపు చూస్తున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం కిటికీలు మూసి, సిగ్గు విడిచి, మళ్ళీ లైటు వేసింది. చచ్చిన దొరసాని నిండుగా మెరిసింది. "ఒక్కసారి చూడండి" అంటూ ఆయన ముఖాన్ని రెండు చేతులతో అటు తిప్పింది. భాస్కర్ కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ చేతులు తీసేసినా తెరవలేదు.