దూది కొరకని తీగ

తెల్లగా ఉందని పాప ఆ కుందేలుకి దూది అని పేరు పెట్టింది. నెల తిరక్కుండానే సోఫాలో ఉన్న దూదంతా బయటికి లాగి, అది తన పేరు సార్థకం చేసుకుంది.

దాన్ని ఇంటికి తెచ్చింది పాప తండ్రి. అతను లిఫ్టు మెకానిక్. సరదా మనిషి. గొంతు పెంచి మాట్లాడటం ఎవరూ ఎరగరు. లిఫ్టులో ఇరుక్కుపోయి గుండె దడదడలాడుతున్న వాళ్లని కూడా బయట నుంచే రెండు మాటలతో నవ్వించేవాడు. సోఫా చిరిగినప్పుడు కూడా, "పోన్లే, కూర్చుంటే మెత్తగా లేదని నువ్వే అన్నావుగా" అని భార్యని నవ్వించాడు.

సోఫా తర్వాత చెప్పుల పట్టీలు పోయాయి. తలుపు అంచులు పోయాయి. చార్జర్లు పోయాయి. ఒక రోజు భార్య హెడ్‌ఫోన్ తీగ రెండు ముక్కలైంది. ఆమెది ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం. ఆస్పత్రిలో డాక్టర్లు రోగుల గురించి రికార్డు చేసి పంపే మాటలు విని టైపు చెయ్యాలి. చెవులకి అది లేకపోతే పని లేదు.

ఆ మధ్యాహ్నం మెకానిక్ భోజనానికి వచ్చేసరికి ఆమె ఖాళీగా ఉంది. ఎదురుగా కూర్చుని వడ్డించింది. ఎవరో పెద్దమనిషి లిఫ్టులో ఇరుక్కుని తన పెంపుడు కుక్కకి వీలునామా చెప్పిన సంగతి అతను చెబితే, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. పెళ్లయిన కొత్తల్లో ఇలాగే ఉండేవాళ్లం అనుకున్నాడతను. మామూలు రోజుల్లో ఆమె చెవులకి హెడ్‌ఫోన్ డిప్పలు ఉండేవి. చేత్తో వంటింటి వైపు చూపించి మళ్లీ టైపు చేసుకునేది.

"ఇది ఉన్నన్నాళ్లు ఇంతేనోయ్" అన్నాడు దూదిని చూపించి.

ఆమె అంత తేలిగ్గా వదిలే రకం కాదు. కొత్త హెడ్‌ఫోన్ కొన్న రోజే కుందేల్ని బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది.

"వీటి పళ్లు పెరుగుతూనే ఉంటాయమ్మా. కొరక్కపోతే అరగవు. కొట్టకండి, రోజంతా బోనులో మూసెయ్యకండి. కొరుక్కోడానికి దానిదంటూ ఏదైనా ఇవ్వండి" అందావిడ.

ఆమె అన్నీ చేసింది. ఎప్పుడూ నోటికందేలా ఎండుగడ్డి, చిన్న చిన్న చెట్టుకొమ్మలు పెట్టింది. తవ్వుకోవడానికి ఒక అట్టపెట్టె నిండా చింపిన కాగితాలు పోసింది. తీగలన్నీ ప్లాస్టిక్ గొట్టాల్లోకి దూర్చి గోడకి కట్టింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే దూకుడు తగ్గుతుందంటే అదీ చేయించింది. దూది సోఫా దగ్గరికి వెళితే చప్పట్లు కొట్టేది, ఎత్తుకెళ్లి పెట్టె దగ్గర దింపేది. పెట్టెలో తవ్వితే ఒక ఆకు పెట్టేది. పాప కూడా నేర్చుకుంది. మెల్లగా దూది దారిలో పడింది.

ఇంట్లో గొడవ తగ్గాక ఆమెకి పని మీద ధ్యాస కుదిరింది. మిగతావాళ్లు టైపు చేసినవి సరిచూసే పెద్ద పని అప్పగించారు. "మా ఆవిడ ఆఫీసరైందండోయ్" అని మెకానిక్ వెళ్లిన ప్రతి బిల్డింగులోనూ చెప్పుకున్నాడు. ఇంటికొచ్చి ఏదైనా మొదలుపెడితే ఆమె ఒక చెవి డిప్ప పైకెత్తి, "ఒక్క నిమిషమండీ" అనేది. ఆ నిమిషం అయ్యేది కాదు. చెప్పాలనుకున్న మాట అతని నోట్లోనే చల్లారిపోయేది.

ఒక ఉదయం పాప స్కూలుకి వెళ్లింది. భార్య స్నానానికి వెళ్లింది. మెకానిక్ పనిసంచీలోంచి పటకారు తీశాడు. హెడ్‌ఫోన్ తీగ కొంచెం గొట్టం బయట వేలాడుతోంది. పుటుక్కున తెంపాడు. తెగినచోటు మరీ నున్నగా ఉంటే అనుమానం వస్తుందని, రెండు కొసల్నీ పటకారుతో నలిపి, లోపలి రాగిపోగులు పీకి పీచుపీచు చేశాడు. పనితనం చూసుకుని తృప్తి పడ్డాడు కూడా. దూది తన పెట్టెలో కూర్చుని గడ్డి నములుతూ అతన్ని చూసింది, మళ్లీ నమలడంలో పడింది.

ఆమె వచ్చి ఆ తీగ చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడింది.

"మళ్లీ మొదలెట్టిందా? పోనీలే, ఇవాళ్టికి విశ్రాంతి తీసుకో" అన్నాడు.

మధ్యాహ్నం ఆమె వడ్డించింది. ఎదురుగానే కూర్చుంది. కానీ అతను ఏం చెప్పినా నవ్వలేదు. దానికి అతనికి ఉక్రోషం వచ్చింది. మరుసటి వారం, ఆమె కొత్తగా తెచ్చుకున్నదాన్నీ తెంపాడు.

"ఇక లాభం లేదోయ్. ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నాడు.

"పాపో?"

"పిల్లలదేముంది, నాలుగు రోజులు ఏడుస్తుంది, తర్వాత మర్చిపోతుంది."

ఆమె అతని ముఖంలోకి చూసింది. "సరే" అంది.

మర్నాడు పాప స్కూలు నుంచి వచ్చేసరికి అట్టపెట్టె ఖాళీగా ఉంది. ఎవరికో ఇచ్చేశానని తల్లి చెప్పింది. పాప గొడవ చెయ్యలేదు. తండ్రి పక్కన చేరి, చొక్కా గుండీ తిప్పుతూ అడిగింది.

"నిన్న నేను గడ్డి వెయ్యడం మర్చిపోయాను నాన్నా. ఆకలేసి కొరికిందా? నా వల్లేనా పంపించేశారు?"

వంటింటి గుమ్మంలో భార్య నిలబడి ఉంది. చెబితే ఒక్క ముక్కలో అయిపోయేది.

"జంతువు కదమ్మా, దానికేం తెలుస్తుంది" అని పాప తల నిమిరాడు.

భార్య లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజూ, ఆ మర్నాడూ పాప అన్నం ముందు కూర్చుని గింజలు లెక్కపెట్టింది. అతను రకరకాల గొంతులు పెట్టి నవ్వించబోయాడు, అది నవ్వలేదు.

ఆ తర్వాత రోజు భార్య బుట్టతో తిరిగొచ్చింది. బుట్టలోంచి చెవులు కనబడగానే పాప కెవ్వున అరిచి, దూదిని పట్టుకుని గదిలోకి పరిగెత్తింది.

"అదేంటోయ్, ఇచ్చేశానన్నావు?"

"డాక్టరమ్మ దగ్గర ఉంచాను." ఆమె గొంతు తగ్గించింది. "దూది కొరికితే కత్తెరతో కోసినట్టుంటుందండీ. ఇన్ని తీగలు మార్చినదాన్ని, నాకు తెలీదా? మీరు మరీ నమిలేశారు."

అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"మొదట్లోనే తెలిసిందా? మరి అడగొచ్చుగా!"

"అడిగితే ఏదో అని నవ్వించేసేవారు. నేనూ నవ్వేసేదాన్ని. పిల్ల దిగులు చూసైనా నోరు విప్పుతారేమో అనుకున్నా."

"అంటే నన్ను పరీక్షించడానికి పిల్లని ఏడిపించావా?"

"అవును. ఆ పాపం నాదే, మీ నెత్తిన రుద్దను."

"నీతో నాలుగు మాటలు మాట్లాడదామనేగా! ఎన్నిసార్లు పిలిచాను? ఎప్పుడైనా విన్నావా?"

"విని ఉండను. దానికి నన్ను తిట్టండి, అరవండి. నా పని తెంపుతారా?"

పాప దూదిని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. "అమ్మా, మళ్లీ కొరికితే మళ్లీ పంపించేస్తావా?"

"పంపించను. తీగ కొరికింది దూది కాదమ్మా."

"మరెవరు?"

తల్లి మొగుడి వైపు చూసింది. పాప కూడా అటే చూసింది.

"ఎలుక" అన్నాడతను.

భార్య ముఖంలో కోపం కూడా కనబడలేదు. చెవులకి డిప్పలు తగిలించుకుని టైపు చెయ్యడానికి కూర్చుంది.

పాపకి మాత్రం ఒళ్లు మండిపోయింది. చేసింది ఎలుకైతే మాట పడింది తన దూదా! సాయంత్రం తండ్రి వేలు పట్టుకుని దుకాణానికి లాక్కెళ్లి ఎలుకల బోను కొనిపించింది. కొక్కేనికి రొట్టెముక్క గుచ్చి ఇచ్చింది. అతను నేలమీద పాకుతూ దాన్ని భార్య బల్ల కిందికి తోశాడు. ఆమె పనాపకుండానే కాళ్లు పక్కకి జరిపి చోటిచ్చింది.

రోజూ స్కూలు నుంచి రాగానే పాప వంగి బోను చూసేది. ముక్క ఎండిపోయింది నాన్నా, మార్చు అనేది. అతను మార్చేవాడు.