పిలిచే పేరు

బారసాల రేపనగా కూడా నీలిమకి పిల్లాడి పేరు తోచలేదు.

పిల్లాడికి వెన్నుపూసలు రెండు సగమే ఏర్పడ్డాయని, పెరిగేకొద్దీ వీపు వంగవచ్చని, ప్రాణానికి భయం లేదని సీతమ్మధార డాక్టరు చెప్పినప్పుడు ఆమె తల ఊపింది. మల్కాపురం ఇంటికి వచ్చాకా తల ఊపుతూనే ఉంది. పాలిమ్మంటే ఇచ్చేది, పడుకోమంటే పడుకునేది. లోపల ఏమీ కదిలేది కాదు.

అత్త నారాయణమ్మ మాత్రం పిల్లాణ్ణి కాళ్ల మీద వేసుకుని నూనె రాస్తూ, "గూనోడా, నా గూనోడా" అని ముద్దు చేసేది. రేపు పళ్లెంలో బియ్యం మీద కూడా గూనయ్య అనే రాయాలని ఆమె పట్టు. ఆమెకి మొదట ఇద్దరు మగపిల్లలు పురిట్లోనే పోయారు. మూడోవాణ్ణి, నీలిమ మొగుడు సింహాద్రిని, పెంట మీద పడుకోబెట్టి, చాటెడు తవుడుకి కొనుక్కుని, చావుకి కూడా రోత పుట్టాలని పెంటడు అని పిలిచింది. వాడు బతికాడు. ఇప్పుడు పోర్టులో క్రేను నడుపుతున్నాడు. ఆమెకి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

ఆ సాయంత్రం రోజలిన్ పిల్లాడికి గౌను పట్టుకుని చూడడానికి వచ్చింది. యూనివర్సిటీ ల్యాబులో ఆమె, నీలిమ కలిసి అరటిపళ్ల మీద వాలే చిన్న ఈగల్ని పెంచుతారు. గుడ్డులోని పిండం ఖండాలుగా ఎలా విడుతుందో, ఏ జన్యువు లేకపోతే ఏ ఖండం రాదో చూడడం వాళ్ల పని.

"నీ ఈగలు బాగున్నాయక్కా. ఆ... ఆ సీసాలన్నీ మార్చేశాను."

"ఏ సీసాలు?"

"అదే, నువ్వు చూసేవి."

"పేరు చెప్పు, రోజీ."

రోజలిన్ గౌను మడతలు సర్దింది. "హంచ్‌బ్యాక్" అంది మెల్లగా.

"ఏటంటందే ఆ పిల్ల?" అంది నారాయణమ్మ.

"గూని అని. ఈగల్లో ఒక జన్యువు పేరు, అత్తా."

నారాయణమ్మ మొహం విప్పారింది. "సూసేవా? మీ సదువుకున్నోల్లూ అలగే పేర్లెడతారు. మరి ఆ ఈగలకి గూనుంటాదేటి?"

"ఆ జన్యువు బాగున్న ఈగకి ఏమీ ఉండదు. అది పాడైతే రొమ్ము దగ్గర ఖండాలు రావు. పిల్ల గుడ్డులోనే చచ్చిపోతుంది. పాడైనదాన్ని ముందు చూశారు కాబట్టి ఆ పేరు పెట్టారు."

"తరవాత?"

"తరవాత అది ఇంకా చాలా పనులు చేస్తుందని తెలిసింది. నాడీకణాలు ఏ వరసలో పుట్టాలో చెప్పేది కూడా అదే. అయినా పేరు మారలేదు."

"ఎందుకు మార్నేదు?"

"అలవాటైపోయింది."

గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుతున్న సింహాద్రి తల ఎత్తాడు. "నన్నిప్పటికీ పోర్టులో పెంటడనే పిలుత్తారే అమ్మా. కొత్తగా సేరినోడు కూడా."

"బతికేవు కదేట్రా."

"బతికేను" అన్నాడు సింహాద్రి. రెండో బూటు విప్పాడు.

మర్నాడు బియ్యం పళ్లెం ముందు పెట్టుకుని సింహాద్రి ఉంగరం తీశాడు. "మా నాన్న పేరు రాసేద్దునా? గురునాథరావని?"

నీలిమ అత్త వైపు చూసింది. మొగుడు పోయి ఇన్నేళ్లయినా ఆయన పేరు నారాయణమ్మ నోట రాలేదు, రాదు. ఆ పేరు పెడితే ఆమె పిల్లాణ్ణి మళ్లీ గూనోడా అనే పిలుస్తుంది.

"వద్దు బావా" అంది నీలిమ. ఆ రోజుల్లో ఆమె వద్దు అన్నది అదే మొదటిసారి. "రోజంతా పిలిచేది అత్త. అత్తా, నీ నోటికి వచ్చే మంచి పేరు నువ్వే చెప్పు. గూని మాత్రం వద్దు."

నారాయణమ్మ పిల్లాడి పాదం చేతిలోకి తీసుకుంది.

"పెద్దోడికి ఒకటి అనుకున్నాన్లే. బారసాల దాకా ఉన్నాడు కాదు" అంది. "బయంగుంటాదే, మంచి పేరంటే."

"తెలుసు."

"సందు" అంది ఆమె చివరికి.

సింహాద్రి బియ్యంలో చందు అని రాశాడు. నారాయణమ్మ వంగి పిల్లాడి చెవిలో మూడుసార్లు ఆ పేరు చెప్పింది, తన యాసలో సందు అనే. తర్వాత పిల్లాణ్ణి నీలిమ ఒళ్లో పెట్టి, "పిలువు" అంది.

నీలిమ లోపల ఇప్పటికీ ఏమీ కదల్లేదు.

"చందూ" అని పిలిచింది.