ముక్కుపుడక ఏ వైపు

బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, ఆ చదువును పోపులపెట్టె వెనక భద్రపరిచిన గజపతినగరం సుహాసినికి పదిహేనేళ్ళ తర్వాత ఒక శిష్యురాలు దొరికింది. పక్కింటి గ్లోరీ, డిగ్రీ రెండో ఏడు. ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా ఉండే రెండు అణువుల్లో ఏది ఆర్, ఏది ఎస్ అన్నది ఆ పిల్లకి ఎంతకీ అంతుపట్టడం లేదు.

సుహాసిని ఒక బంగాళాదుంపకి నాలుగు చీపురుపుల్లలు గుచ్చింది. వాటి చివర్లకి వంకాయ, టమాటా, నిమ్మకాయ, మిరపకాయ. అన్నిట్లోకీ చిన్నది మిరపకాయ. దాన్ని వెనక్కి పెట్టి, మిగతా మూడింటినీ పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వేలితో చుట్టాలి.

"ఇలా తిరిగితే ఆర్. అలా తిరిగితే ఎస్," అని ఫోన్ ముందు కూర్చుని వీడియో తీసి పంపింది. ఇలా అంటే ఎలాగో నోటితో చెప్పలేదు. వేలు ఉందిగా.

పరీక్ష రోజు పొద్దున్న ఉప్మారవ్వ వేయిస్తూ, తన వీడియోని తనే తొమ్మిదోసారి చూసుకుంటోంది. అందులో ముక్కుపుడక తన కుడి ముక్కుకి ఉంది. తడుముకుంది. ఎడమవైపే ఉంది. ఫోన్ ఆమెను అద్దంలోలా తిప్పేసింది, ఆమెతో పాటు వేలినీ. వీడియోలో ఆర్ అంటూ ఎస్ వైపు తిప్పుతోంది.

ఫోన్ చెయ్యొచ్చు. పరీక్ష ముందు పిల్ల కంగారుపడుతుందని తనకు తనే చెప్పుకుంది. నిజానికి కంగారుపడింది గురువుగారి పరువు.

"మాడువాసన వస్తన్నాది," అన్నాడు భర్త తిరుమలరావు, పేపరు దించకుండా.

"నాకేటీ రాలేదు," అంది.

సాయంత్రం గ్లోరీ వచ్చి గుమ్మంలో చతికిలబడింది.

"ఆర్, ఎస్‌ల ప్రశ్నలు అయిదూ తిరగేసి రాసీసినాను పిన్నీ. బయటికొచ్చాక సూస్తే అందరిదీ ఒకటి, నాదొకటి. మీరు బాగానే సెప్పినారు. నా బుర్రే వంకర. సదువు మానీస్తానని ఈయేళ నాన్నతో సెప్పీస్తాను."

సుహాసిని కాఫీ ఇచ్చింది. పంచదార రెండుసార్లు వేసిందని గ్లోరీ మొహం చూస్తే తెలిసింది.

"ఒసే, నా ముక్కు సూడు," అంటూ వీడియో ముందుకి తోసింది.

గ్లోరీ ముక్కునీ ఫోన్‌నీ మార్చి మార్చి చూసింది. గ్లాసు కింద పెట్టింది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

ఇప్పుడే అనొచ్చు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా.

"పొద్దున్న ఏడున్నరకి."

"నా బస్సు ఎనిమిదింపావుకి కదా."

"తెలుసు. నువ్వు ఎల్తంటే కిటికీలోంచి సూసినాను."

గ్లోరీ లేచి వంటింట్లోకి వెళ్ళి, బుట్టలోంచి ఒక బంగాళాదుంప ఏరి తెచ్చింది.

"నాన్నతో ఏటీ సెప్పన్లెండి. సప్లీ పరీక్షకి మల్లీ మొదట్నుంచి సెప్పండి. ఎదురుగా కూకోకండి. నా పక్కకి రండి, నేను సూసిందే మీరూ సూడండి."

సుహాసిని వెళ్ళి పక్కన కూర్చుంది. గుమ్మం ఇరుకు. గ్లోరీ దూరం జరగలేదు.