పొద్దుగూకే వేళ అనకూడని మాట

ఫోను మోగితే వనజకు ముందు చేతులు చల్లబడేవి, ఆ తర్వాతే మోత చెవిన పడేది. ఇల్లందులో బొగ్గు గని కంపెనీ క్వార్టర్ల గోడలు పల్చన. పక్కింట్లో ఎవరిది మోగినా తనదేననిపించేది. మోగితే రెండే సంగతులు. ఒకటి, వీసా రాదన్నారని. రెండోదాన్ని ఆమె మనసులో కూడా పూర్తిగా అనుకునేది కాదు.

కూతురు రోజారాణి ఆస్ట్రేలియాలో ఉంది. ఎనిమిదో నెల. అల్లుడు సతీష్ అక్కడ బొగ్గు గనిలో మెకానిక్. ఒక వారం గని దగ్గర క్యాంపులో ఉంటాడు, ఒక వారం ఇంట్లో. అతను క్యాంపులో ఉన్నన్నాళ్లూ సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో రోజా ఒక్కతే. కానుపుకు తల్లి వెళ్లాలని వీసాకు పెట్టారు. ఇక పెట్టె సర్దుకోవడమే తరువాయి అనుకుంటుండగా ఎక్స్‌రే అడ్డం పడింది.

వీసా వాళ్లు చెప్పిన దవాఖానాలోనే, హైదరాబాద్‌లో, పరీక్షలు చేయించుకోవాలి. అక్కడి డాక్టరమ్మ దగ్గు ఉందా అని అడిగింది. ఆయాసం ఉందా, ఊపిరితిత్తులకు ఎప్పుడైనా జబ్బు చేసిందా అని అడిగింది. వనజ అన్నిటికీ తల అడ్డంగా ఊపి, "ఏం లేదమ్మా, బాగనే ఉంట" అంది. చలికాలం వస్తే వదలని దగ్గు గానీ, గ్యాసు రాకముందు ఏళ్ల తరబడి ఊదిన బొగ్గుల పొయ్యి గానీ, మధ్యలో ఒకసారి నిమోనియాతో పడుకున్న సంగతి గానీ నోటికి రాలేదు. అబద్ధమాడాలని కాదు. ఒంట్లో ఎలా ఉందని ఎవరడిగినా బాగుందనడమే ఆమెకు తెలిసిన మర్యాద.

కుడి ఊపిరితిత్తి మీద మచ్చ కనబడింది. తెమడ పరీక్షకు పంపారు. టీబీ కాదని తేలితేనే ఫైలు కదులుతుందని, తేలడానికి రెండు నెలలు పట్టొచ్చని చెప్పారు. కానుపు అంతకంటే ముందే.

మచ్చ సంగతి రోజాకు చెప్పలేదు. సర్కారు పని, ఆలస్యమవుతుందన్నారు. భర్త ప్రభాకర్ అల్లుడికి మాత్రం చెప్పాడు. సతీష్ బెదిరిపోయాడు. "ఫైలు తేలేదాక జర పైలం మామా. ఈడ ఏ ఆఫీసుల అత్తమ్మ పేరు పడినా ఎటుపోయి ఎటొస్తదో" అన్నాడు. అదే మాట ఇంట్లో భార్యకూ చెప్పాడు. అది నిజమేనా అని ఎవరూ ఎవర్నీ అడగలేదు.

ఆ మధ్యాహ్నం వనజ వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ప్రభాకర్ మొదటి షిఫ్టుకు పోయాడు. పక్కింటి గంగక్క గడప మీదికి వచ్చి నిలబడింది.

"ఏందే వనజా, ఇంక ఈడనే ఉన్నవా? నేనైతే విమానమెక్కినవనే అనుకున్న."

"కాయితం రావాలె అక్కా."

"కాయితానికేమొచ్చె? మా తమ్ముని కొడుకు దుబాయి పోలేదా, పదేను దినాలల్ల వచ్చె."

"దుబాయి వేరు."

"అవ్, దుబాయికి మాసొంటోళ్లు పోతరు" అని గంగక్క నవ్వింది. పక్కనే కూలబడి తనూ నాలుగు చింతపండు రెబ్బలు అందుకుంది. "ఆ దేశపోళ్లు బాలింతకు ఐసునీళ్లు తాపుతరటనే. నువ్వు పోకుంటె ఆ పిల్లకు ఉడుకునీళ్లు ఎవరు పోస్తరు?"

"పోత. పోకుంట ఎట్లుంట?"

"పోవాలె మరి. అవునే, నీ దగ్గు తగ్గలేదేంది?"

వనజ చెయ్యి ఆగింది. "దగ్గేడిది? పొట్టు గొంతుల పడ్డది" అంది. గంగక్క ముఖంలోకి చూడకుండా చేట ఎత్తుకుని లోపలికి నడిచింది. అప్పుడే ఫోను మోగింది.

రోజా. ల్యాప్‌టాప్ నుంచి చేస్తోంది. మనిషి కనిపించింది కానీ చుట్టూ గది మసకగా ఉంది. వెనక కిటికీలో ఆకాశం ఎర్రబడి ఉంది. వనజకు ఇక్కడ ఇంకా అన్నం తిన్న వేళే. అక్కడ అప్పుడే పొద్దుగూకుతోంది.

"తిన్నవా అమ్మా?"

"తిన్న. లైటెందుకు వెయ్యలేదే?"

"కండ్లల్ల గుచ్చుతుంది. ఉండనీ గట్లనే."

వనజ తెరను ముఖం దగ్గరికి తెచ్చుకుంది. కూతురి ముక్కు వెడల్పయింది. కళ్ల కింద చర్మం నీళ్లు నింపినట్టు ఉంది. మొన్న చూసినప్పుడు ఇంత లేదు.

"ఉంగరమేది?"

"తీసిన. పడతలేదు."

"కాళ్లు చూపియ్యి."

"కాళ్లేం చూస్తవమ్మా?"

"చూపియ్యి."

రోజా విసుక్కుంటూ తెర వంచింది. చీలమండలు లేవు. పిక్క దగ్గరి నుంచి పాదం దాకా ఒకటే లావు. సాక్సు విప్పిన చోట, పిండి ముద్ద మీద వేలితో నొక్కినట్టు గాడి పడి ఉంది.

"తల నొస్తుందా?"

"కొంచెం."

"ఎప్పటి సంది?"

"అమ్మా, పొద్దుగూకింది ఈడ. గీ యాళ్ల ఒంటిమీద చెడుమాట అనొద్దని నువ్వే అంటవు గద."

ఆ మాట వనజదే. సంధ్యవేళ తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, ఏమన్నా 'అట్లే కానీ' అంటారని తన తల్లి తనకు చెప్పింది, తను కూతురికి చెప్పింది. ఆ ఇంట్లో జ్వరమొస్తే జ్వరమనేవాళ్లు కారు, ఒళ్లు కాస్త వెచ్చగుందనేవాళ్లు. రోజా నెల తప్పినప్పటి నుంచి ఆ పట్టింపు రెట్టింపయింది. రోజూ ఫోనులో, "ఎవరడిగినా బాగున్ననే చెప్పు బిడ్డా" అనేది.

కానీ ఆ కాళ్లు ఆమెకు తెలుసు.

చెల్లెలు సమ్మక్కను టేకులపల్లి అవతల అడవి అంచు పల్లెలో ఇచ్చారు. ఎనిమిదో నెలలో వనజ చూడబోయింది. సమ్మక్క దీపం తీసెయ్యమంది. కళ్ల ముందు నిప్పురవ్వలు లేస్తున్నాయంది. "కడుపుతోని ఉన్నదానివి, గట్ల అనకే" అని తల్లి ఆమె నోటి మీద చెయ్యి పెట్టింది. మళ్లీ సమ్మక్క ఏమీ అనలేదు. మరునాడు ట్రాక్టరులో వేసుకుని దవాఖానాకు తీసుకుపోతుంటే కొట్టుకుంటున్న ఆ కాళ్లను పట్టుకున్నది వనజే. గాలి సోకిందన్నారు కొందరు. ఇంట్లో ఆ కథ ఎవరూ ఎత్తేవారు కాదు. రోజాకు తెలిసిందల్లా పిన్ని జ్వరమొచ్చి పోయిందని.

వనజ ఫోను ఇంకో చేతికి మార్చుకుంది.

"రోజా, కండ్ల ముంగట నిప్పురవ్వలు గిట్ల లేస్తున్నయా?"

చాలా చిన్నగా, "నీకెట్ల తెలుసు?" అంది రోజా.

వనజ గోడకు ఆనుకుంది. "దవాఖానకు చేసినవా?"

"నిన్న చేసిన. ఈడ గట్ల ఉరికిపోతే చూడరమ్మా. మొదలు ఫోన్ చెయ్యాలె. నర్సు అడుగుతది, ఆమెకు అవసరమనిపిస్తే రమ్మంటది. నొప్పి పదిల ఎంత అనడిగింది. రెండన్న."

"రెండా?"

"ఏమనాలె మరి? మాత్ర వేసుకొని పండుకో, పెరిగితే మళ్ల చెయ్యి అన్నది."

"పెరిగిందా?"

రోజా చెయ్యి తనకు తెలియకుండానే కుడి పక్కటెముకల కింద నొక్కుకుంటోంది.

"సతీష్‌కు చేసినవా?"

"డ్యూటీల ఉన్నడు. గనిల ఫోన్ ఉండదు."

"అయితే దవాఖానకు చెయ్యి. ఇప్పుడే. నీ ఫోన్ నుంచి చెయ్యి, నేను గీడనే ఉండి వింట."

రోజా ఫోను ల్యాప్‌టాప్ పక్కన పెట్టి స్పీకరు నొక్కింది. ఒక ఆడగొంతు నెమ్మదిగా, మర్యాదగా అడుగుతోంది. వనజకు ఇంగ్లీషు అంతగా రాదు. కానీ కూతురి నోట వచ్చేవి తెలిసిన మాటలే. ఫైన్. లిటిల్. నో, నో. సారీ. రోజా గొంతులో అణకువ ఉంది, కొంచెం నవ్వు కూడా ఉంది. హైదరాబాద్‌లో డాక్టరమ్మ ముందు తను అన్నీ లేవంటూ తల ఊపడం వనజకు గుర్తొచ్చింది. ఇంకో నిమిషంలో ఆ నర్సు మాత్ర వేసుకుని పడుకోమంటుంది.

"కాదు" అంది వనజ. మళ్లీ గట్టిగా, "కాదు. రోజా, నువ్వు చెప్పేది నిజం కాదని ఆమెకు చెప్పు."

"అమ్మా, ఊకో. వీసా సంగతి..."

నర్సు ఏదో అడిగింది. రోజా జవాబు చెప్పి, ముఖం తిప్పి తెర వైపు చూసింది. "ఎవరు మాట్లాడేది అంటుంది. మా అమ్మ అన్న. తెలుగు వచ్చినోళ్లను లైన్లకు తీసుకుంటదట. వద్దని చెప్త."

"వద్దనకు."

"నీ పేరు రాసుకుంటరమ్మా. సతీష్ ఏమన్నడో మర్చిపోయినవా? నీ ఫైలు ఆగిపోతే కానుపుకు నాకెవరున్నరు?"

పేరు చెబితే ఆ దేశం తలుపు మూసుకుంటుందేమో. చెప్పకపోతే ఆ తలుపు వెనక ఎవరుంటారు? నర్సు అప్పటికే తెలుగు మనిషి కోసం వెళ్లినట్టుంది, ఫోనులో ఏదో సంగీతం మోగుతోంది. కూతురు లైను తెంపేస్తుందేమోనని ఆమె వేళ్లనే చూస్తూ కూర్చుంది.

సంగీతం ఆగి మగగొంతు వినిపించింది. గోదావరి వైపు మనిషిలా ఉన్నాడు. "నమస్కారమమ్మా. నేను ఇంటర్‌ప్రెటర్‌నండి. మీరు చెప్పింది చెప్పినట్టు నర్సు గారికి చెప్తాను, వారిది మీకు చెప్తాను. ముందు మీ పేరు చెప్తారా?"

వనజ పాస్‌పోర్టులో ఉన్న పేరంతా, ఇంటిపేరుతో సహా చెప్పింది. ఆ తర్వాత కళ్లు మూసుకుని మొదలుపెట్టింది.

"నా బిడ్డ చెప్తలేదు. మేం చెప్పొద్దని పెంచినం. ముఖం ఉబ్బింది. కాళ్లు ఉబ్బినయ్. తలనొప్పి నిన్నటి సంది ఉన్నది. లైటు చూడలేకపోతుంది. కండ్ల ముంగట రవ్వలు లేస్తున్నయట. పక్కబొక్కల కింద పట్టుకుంటుంది, నాకు కనపడుతుంది."

ఒక్కొక్క మాటా ఆ మనిషి నోట ఇంగ్లీషై మళ్లీ గదిలో పలుకుతోంది. అనకూడనిదంతా రెండేసి సార్లు, అదీ పొద్దుగూకే వేళ.

"మా చెల్లెకు కూడ గిట్లనే అయింది."

నర్సు మాట విని ఆయన, "తర్వాత మీ చెల్లెలికి ఏమైందని అడుగుతున్నారమ్మా" అన్నాడు.

తెరలో రోజా కళ్లు పెద్దవి చేసుకుని చూస్తోంది. కడుపుతో ఉన్న పిల్ల ముందు, దీపం పెట్టే వేళ.

"ఫిట్సు వచ్చి చచ్చిపోయింది. కడుపుల పిల్లతోని."

ఆయన అదీ ఇంగ్లీషులో చెప్పాడు. నర్సు గొంతు మారిపోయింది. మర్యాద పోలేదు కానీ తాపీ పోయింది. నొప్పి పదిలో ఎంతని నేరుగా రోజానే మళ్లీ అడిగింది. రోజా తెరలోంచి తల్లి వైపు చూసింది.

"చెప్పు బిడ్డా. ఎంతున్నదో గంతే చెప్పు."

"నైన్" అంది రోజా. అనేసి ఏడ్చింది.

అంబులెన్సు బయల్దేరిందని, తలుపు గడియ తీసి ఎడమ పక్కకు తిరిగి పడుకోమన్నారని ఆ తెలుగాయన చెప్పాడు. ఎవరూ ఫోను పెట్టెయ్యలేదు. ఆకుపచ్చ బట్టల్లో ఇద్దరు వచ్చారు. ఆడమనిషి నవ్వుతూనే పలకరించి రోజా చేతికి బీపీ పట్టీ చుట్టింది. అంకె చూసింది, రెండోసారి చూసింది. తర్వాత నవ్వలేదు. రోజాను చక్రాల మంచం మీద పడుకోబెట్టి తీసుకుపోయారు. ల్యాప్‌టాప్ మూయడం ఎవరికీ గుర్తు లేదు. ఖాళీ సోఫాను, నేల మీద ఒంటి చెప్పును వనజ చూస్తూ కూర్చుంది. ఆ గదిలో చీకటి పెరిగి సోఫా కూడా కనబడకుండా పోయింది. ఆ తర్వాత లైను తెగింది.

ప్రభాకర్ బొగ్గు మరకల బట్టలతోనే గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

"పేరు చెప్పినవా?"

"చెప్పిన."

"పాస్‌పోర్టుల పేరే?"

"అదే."

ఆయన టిఫిను డబ్బా చేతిలోనే పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. "నేనుంటే చెప్పనియ్యకపోయేటోణ్ణేమో" అన్నాడు. "మంచిదే అయింది, నేను లేను."

సాయంత్రం సతీష్ కారులోంచి చేశాడు. గని నుంచి ఆ ఊరికి మూడు గంటల దారి. బీపీ బాగా ఎక్కిందని, ఆగితే ఇద్దరికీ ప్రమాదమని ఆపరేషన్‌కు తీసుకుపోయారని చెప్పాడు. వీసా మాట అతనూ ఎత్తలేదు, వీళ్లూ ఎత్తలేదు. ఆ తర్వాత కబురు లేదు. గంగక్క అన్నం తెచ్చి పెట్టింది. ఏమైందని అడిగి, వనజ ముఖం చూసి, మళ్లీ అడగలేదు. పళ్లెం మీద మూత అట్లాగే ఉండిపోయింది. దేవుడి ముందు దీపం పెట్టడానికి కూడా వనజకు చేతులు రాలేదు. ఏం కోరుకుంటే ఏం వినపడుతుందో అని భయం.

తెల్లారి, కంపెనీ సైరను మోగిన కాసేపటికి ఫోను మోగింది. సతీష్ నంబరే, కానీ మాట్లాడింది అతను కాదు.

"అమ్మా."

గొంతు బొంగురుపోయి ఉంది. వనజ రెండు చేతులతో ఫోను పట్టుకుంది.

"ఆడపిల్ల అమ్మా. గింతంత ఉన్నదట. అద్దాల పెట్టెల పెట్టిండ్రు. నాకింక చూపియ్యలే. నా బీపీ ఇంక దిగలేదట, ఈ రెండు దినాలు కనిపెట్టుకొని ఉండాలె అంటున్నరు."

"నువ్వెట్లున్నవ్ బిడ్డా?"

అవతల ఏదో యంత్రం చప్పుడు వినిపిస్తోంది.

"బాగలేదమ్మా" అంది. "కుట్లు గుంజుతున్నయ్. చేతిలకు ఎక్కే మందు మంట మండుతుంది. తల ఇంక బరువుగనే ఉన్నది. నోరు ఎండిపోయింది, నీళ్లు గుటికెడే ఇస్తున్నరు. భయమయితుంది."

"నర్సుకు చెప్పినవా ఇవన్ని?"

"చెప్పిన. మంట సంగతి చెప్తే ఎమ్మటే వచ్చి చూసింది."

"ఇంకా ఏడ నొస్తుంది?"

స్నానానికి నీళ్లు తోడుకుంటున్న ప్రభాకర్ చెంబుతోనే వచ్చి ఏమైందని చేత్తో సైగ చేశాడు. వనజ ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది. కూతురు ఇంకా చెప్తూనే ఉంది.